గ్యాస్ ఎక్కడికి పోయింది?

కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు. మా చెల్లెలు అక్కడే ఉంటుంది కాబట్టి నెలకు రెండు సార్లయినా ఆ దారిన పోయి వస్తుంటాను. గత మే నెలలో ఒక మధ్యాహ్నం, డోన్ దాటి గుత్తి కోట ఇంకా కంటపడకముందే, కారు ఏసీ గాలిలో చల్లదనం పలచబడి, కాసేపటికి పూర్తిగా పోయి, చివరకు అద్దాలు దించుకొని వడగాలిని ముఖాన కొట్టించుకుంటూ మిగిలిన దారంతా వెళ్ళవలసి వచ్చింది. తొమ్మిదేళ్ళ బండికి ఏసీ చెడిపోవడంలో వింత లేదు. అంతకు సరిగ్గా ఆరు వారాల ముందే కర్నూలులో గ్యాస్ పట్టించి ఉండటమే నన్ను మండించింది.

ఆ ఏప్రిల్ నాటి పని ఇరవై నిమిషాల్లో ముగిసింది. షాపులోని కుర్రవాడు ఒక నీలం గొట్టాన్ని పైపుకు తగిలించి, గ్యాస్ డబ్బాను సగానికి కోసిన ప్లాస్టిక్ క్యానులోని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నన్ను ఏసీ ముందు చెయ్యి పెట్టి చూడమన్నాడు. "సల్లగొస్తాంది కదా సార్" అన్నాడు. చల్లగానే వస్తోంది. అంతకు ముందు "గ్యాస్ అయిపోయింటాది" అని అతడు చెప్పినప్పుడు నేనేమీ అనుమానించలేదు. వంటింట్లో సిలిండర్ అయిపోతూ ఉంటుంది, మళ్ళీ తెప్పించుకుంటూ ఉంటాము. కారులోనూ అంతే అనుకున్నాను. 1,500 రూపాయలు ఇచ్చి, అంత త్వరగా పని చేసినందుకు మెచ్చుకొని మరీ వచ్చాను.

అనంతపురంలో మా బావ తీసుకెళ్ళిన మెకానిక్ యాభై దాటిన మనిషి. సంగతంతా విని, "గ్యాస్ ఏమన్నా పెట్రోలా సార్, కాలిపోయేకి? యాడో ఒకచోట నుంచి పోతాంటాది. అది పట్టుకోకుండా గ్యాస్ కొడితే చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే" అన్నాడు. నేను ఇన్నేళ్ళు కారు నడుపుతూ కూడా ఆలోచించని విషయం అదే.

కుండ మాట వచ్చింది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. కొత్త కుండలో నీళ్ళు చల్లబడటానికి కారణం, గోడల నుంచి ఊరిన తడి ఆవిరవుతూ తనకు కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచి లాగుకోవడం. కారు ఏసీలోనూ జరిగేది ఆవిరి కావడమే. కాకపోతే కుండలో ఆవిరైన నీరు తిరిగి రాదు, ఇక్కడ ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్ పట్టి అదిమి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు పంపితే అది అక్కడ తన వేడిని బయటి గాలికి వదిలి మళ్ళీ ద్రవమై, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని రంధ్రం గుండా దూరి, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్ళీ ఆవిరవుతుంది. ఈ గ్యాస్ పేరు ఆర్-134ఏ. బయటి గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకే అది మరిగిపోతుంది. మూసిన పైపుల్లో తిరిగి తిరిగి అదే గ్యాస్ పనిచేస్తుంది కాబట్టి అందులో ఖర్చయ్యేది ఏమీ లేదు. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా తగ్గితే తగ్గవచ్చు గాని, ఆరు వారాల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో దారి ఉన్నట్లే.

మెకానిక్ ముందుగా ఇంజిన్ ఆపి లోపలి ఒత్తిడిని చూపే గేజీలు తగిలించాడు. ఆ రోజు ఎండ 40 డిగ్రీలకు తక్కువ లేదు. అంత వేడిలో లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉంటే ముల్లు 130 పీఎస్ఐ దగ్గర నిలబడాలి. నా బండిలో 25 దగ్గరే ఆగిపోయింది. ఇంజిన్ నడుస్తూ ఏసీ వేసినా కంప్రెసర్ క్లచ్ పడే టక్కుమనే చప్పుడు రాలేదు. గ్యాస్ మరీ తగ్గితే కంప్రెసర్ తిరగకుండా ఆపే ప్రెషర్ స్విచ్ ఒకటి ఉంటుందని, కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ గ్యాస్‌తో కలిసి తిరగాలి కాబట్టి గ్యాస్ లేకుండా తిరిగితే లోపల అరిగి పట్టేస్తుందని వివరించాడు. స్విచ్‌ను తప్పించి తీగలు నేరుగా కలిపి నడిపించే వాళ్ళూ ఉన్నారట. అలా కలిపిన కారు ఒకటి ఆ షెడ్డులోనే కంప్రెసర్ విప్పదీసి కనబడింది.

ఆ తరువాత టార్చి తీసుకొని బంపర్ సందుల్లోకి చూశాడు. కండెన్సర్‌కు అల్యూమినియం పైపు కలిసే చోట రూపాయి బిళ్ళంత మేర నల్లని జిడ్డు, దాని మీద మా దారి ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. గ్యాస్ కంటికి కనబడదు గాని, దానితో పాటు బయటపడిన ఆయిల్ దుమ్మును పట్టుకొని గుర్తు వదిలిపోతుంది. అంతటితో నమ్మకుండా, మిగిలిన గ్యాస్‌ను ఒక మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగి, పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఆ అతుకు చుట్టూ సబ్బు నురుగు పూశాడు. మొదట ఏమీ లేదు. తరువాత ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, పెసరగింజంత పెరిగి, పగిలిపోయి, ఆ చోటనే మళ్ళీ ఆవగింజంతగా మొదలైంది. విప్పితే లోపలి రబ్బరు ఓ-రింగు గుండ్రదనం పోయి చదునుగా, గట్టిగా తయారై, గోరుతో నొక్కితే చీలింది. కొత్త రింగు ఖరీదు 40 రూపాయలు. కింది పైపు మీద గ్యాస్ పట్టించే వాల్వుకు మూత కూడా లేదు. ఏప్రిల్‌లో తీసినవాడు తిరిగి పెట్టలేదన్న మాట.

రింగు మార్చి, తేమను పీల్చే డ్రయ్యర్ కూడా మార్చి, వాక్యూమ్ కొట్టడం మొదలుపెట్టాడు. నిజమైన పని ఇదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది, కర్నూలులో అసలు జరగనిదీ ఇదే. పంపు ముప్పావు గంట తిరిగి లోపలి గాలిని లాగేస్తే, ఆ శూన్యంలో నీటి తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఆ తేమను లోపలే వదిలేస్తే అది ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టవచ్చు, ఆయిల్‌తోనూ గ్యాస్‌తోనూ కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినేయవచ్చు. పంపు ఆపిన తరువాత గేజీ ముల్లు సున్నా కిందికి దిగిన చోటనే కదలకుండా ఉందో లేదో పావుగంట చూశాడు. నేను నీడలో కూర్చొని టీ తాగుతూ కూడా ఆ ముల్లు మీదనే కన్ను వేశాను.

గ్యాస్ మాత్రం తూకం వేసి పట్టించాడు. బానెట్ లోపలి స్టిక్కర్ మీద 450 గ్రాములని ఉంది. సిలిండర్‌ను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి అంతే ఎక్కించాడు. గేజీ చూసి పట్టిస్తే చాలదా అని అడిగితే, వంట సిలిండర్‌లో గ్యాస్ ఎంత ఉందో ప్రెషర్ చూసి చెప్పగలరా అని ఎదురు ప్రశ్న వేశాడు. చెప్పలేము. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, లోపల ద్రవం గుక్కెడున్నా నిండా ఉన్నా ఆ వేడికి ముల్లు చూపేది ఒకటే అంకె. నడుస్తున్నప్పుడు చూపే అంకె ఎండను బట్టి, ఫ్యాను వేగాన్ని బట్టి మారిపోతుంది. ఇంకొంచెం పట్టిస్తే ఇంకా చల్లగా ఉంటుందని అడిగి మరీ ఎక్కువ పట్టించుకునే వాళ్ళుంటారు. ఎక్కువైతే కండెన్సర్‌లో ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గడమే గాక, ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్ళి దాన్ని విరగ్గొట్టగలదు.

ఆ గ్యాస్ గురించి ఇంకొక మాట. పాత కార్లలో ఆర్-12 ఉండేది. ఓజోన్ పొరకు చిల్లు పెడుతోందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దాన్ని మానిపించారు. ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే 1,300 రెట్ల పైమాటే కాబట్టి, 2016లో కిగాలీలో దాని వాడకాన్నీ తగ్గించుకుంటూ రావాలని ఒప్పుకున్నారు. నా బండిలో పట్టే 450 గ్రాములు గాలిలో కలిస్తే దాదాపు ఆరు క్వింటాళ్ళ బొగ్గుపులుసు వాయువుతో సమానం. చల్లదనం కోసం డబ్బిచ్చి ఎండను పెంచానన్న మాట.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌దే కాదు. బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కితే ముందు కండెన్సర్ ఫ్యాను చూడాలి. గాలి జోరే తగ్గితే క్యాబిన్ ఫిల్టర్ తీసి దులపాలి. మాది అడుగున వేపాకులతో సహా బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం మొత్తం 3,200 రూపాయలైంది. మెకానిక్ మధ్య గ్రిల్లులో థర్మామీటరు గుచ్చి, బయట 39 ఉండగా లోపల 10 చూపించిన తరువాతే గేజీలు విప్పి, ఎక్కడి నుంచో రెండు ప్లాస్టిక్ మూతలు వెతికి తెచ్చి వాల్వులకు బిగించాడు. ఈ ఏప్రిల్‌లో అదే దారిలో గుత్తి దగ్గర బండి ఆపి నేనూ ఒక థర్మామీటరు గుచ్చి చూశాను. 11 ఉంది.