ఒకే హాల్లో నాలుగు పరిశోధనలు

నిన్న ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో రీసెర్చ్ స్కాలర్లు మాట్లాడుతుంటే విన్నాను. ఫిజిక్స్, జీవామృతంతో సాగు, పంచాయతీ రాజకీయాలు, గర్భిణుల ఆరోగ్యం. అన్నీ బాగున్నాయి గానీ, రక్తహీనత మీద మాట్లాడిన అమ్మాయి నన్ను కదిలించింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్ర ఇచ్చేస్తే చాలదు, టీతో పాటు వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పాడేరు వైపు రోడ్డు లేని ఊళ్ల నుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. మరి రోడ్డు సంగతి? గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో అభివృద్ధి ప్రణాళికలను గ్రామసభ ఆమోదించాలని పంచాయతీల మీద పనిచేస్తున్న అబ్బాయి చెప్పాడు. వీళ్లిద్దరూ కలిసి ఒకే మండలం మీద పనిచేస్తే ఎంత బాగుంటుంది! గైడ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆలోచించండి.