రుథ్వెన్ దాడి: ఎవరు ఎవరో తేల్చుకోవడానికి పట్టిన పని

1582 ఆగస్టులో కొందరు స్కాటిష్ ప్రభువులు పదహారేళ్ల రాజు ఆరో జేమ్స్‌ను పెర్త్ దగ్గరి రుథ్వెన్ కోటలో అదుపులోకి తీసుకున్నారు. 1583 జూన్‌లో అతను సెంట్ ఆండ్రూస్‌కి జారుకునేదాకా పాలన వాళ్లదే. ఆ పది నెలల్లో కౌన్సిల్‌కి ఎవరెవరు వచ్చేవారో మూలపత్రాల్లోంచి తేల్చాలని కూర్చున్నాను.

మొదటి చిక్కు పేర్లే. పత్రాల్లో మనిషి పేరు అరుదు, బిరుదే ఉంటుంది. 1571 నుంచి 1580 లోపు 'లెనాక్స్' నలుగురు: స్టర్లింగ్‌లో హతుడైన రీజెంట్ (బాలరాజు తరఫున పాలించేవాడు) మాథ్యూ, తర్వాత చార్లెస్, రాబర్ట్, చివరికి ఫ్రాన్సు నుంచి దిగిన ఎస్మే స్టీవర్ట్. 'ఆరన్' ఇంకా ఘోరం. 1581కి ముందు మతి చలించిన జేమ్స్ హామిల్టన్, ఆ తర్వాత కెప్టెన్ జేమ్స్ స్టీవర్ట్. ఇద్దరూ జేమ్స్‌లే! అందుకే ఏ పత్రమూ తెరవకముందే బిరుదు, మనిషి, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా అని నాలుగు గడుల పట్టిక వేసుకోవాల్సి వచ్చింది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు కాబట్టి వియ్యాలు పట్టుకోవడం మాత్రం తేలికే.

తర్వాత తేదీలు. 1600 దాకా స్కాట్లాండ్‌లో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. రీజెంట్ మోరేని లిన్‌లిత్‌గోలో కాల్చింది మన లెక్కన 1570 జనవరిలో, పత్రాల్లో అది 1569. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఒకటి కలుపుకోవాలి. అయితే అచ్చువేసిన సంపుటాల్లో సంపాదకులు కొన్నిచోట్ల ముందే కలిపేసి ఉంటారు, మళ్లీ కలిపితే ఏడాది తప్పుతుంది. దీనికి మందు రాజ్య సంవత్సరం, అంటే రాజు ఏలుబడిలో అది ఎన్నో ఏడో చెప్పే లెక్క. జేమ్స్ లెక్క 1567 జూలై 24న మొదలవుతుంది, కాబట్టి 1583 జనవరి పదహారో ఏట పడాలి. పడకపోతే ఎక్కడో తప్పు చేశామన్నమాట.

రాతప్రతిలో ఏడాది అంకెల్లో ఉండదు. వెయ్యికి జె మీద చిన్న ఎం, అయిదు వందలకి వి మీద చిన్న సి, ఆపైన రోమన్ అక్షరాలు. చేయి తిరగడానికి అచ్చుప్రతిని పక్కన పెట్టుకుని చదవడమే దారి.

అసలు సరుకు ప్రివీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) రిజిస్టర్‌లో ఉంది. ప్రతి సమావేశం మొదట్లో హాజరైనవారి జాబితా, 'సెడెరంట్', ఇస్తారు. గ్రేట్ సీల్ చార్టర్ల (రాజముద్ర వేసిన దానపత్రాల) చివరి సాక్షుల జాబితాను మాత్రం హాజరుగా లెక్కించకూడదు. అది చాలావరకు పదవులవారీగా ఎక్కించే మామూలు వరస. ఈ రెండూ కలిపేస్తే ఊళ్లో లేనివాడు కూడా రాజు పక్కన కూర్చున్నట్టు తేలుతుంది.

రిజిస్టర్‌ని కూడా అక్షరాలా నమ్మడానికి లేదు. తాను స్వేచ్ఛగానే ఉన్నానని బందీగా ఉన్న రాజు పేరుతోనే ప్రకటన వెలువడింది. 1582 అక్టోబర్‌లో ఎస్టేట్ల సమావేశం (ప్రభువులు, మతాధికారులు, పట్టణాల ప్రతినిధులు కూడే సభ) దాడిని 'మంచి సేవ' అంది, మరుసటి ఏడాది చివరికి అదే రాజద్రోహమైంది. ఇంగ్లండు రాయబారి రాబర్ట్ బోస్ ఉత్తరాలు దీనికి విరుగుడు. కానీ దాడి చేసిన, ఇంగ్లండుకు అనుకూలమైన పక్షం బలంగా కనిపించడం అతనికీ అవసరమే, అది గుర్తుపెట్టుకుని చదవాలి.

డబ్బు దగ్గర ఒక మాట. పన్నెండు స్కాట్స్ పౌండ్లకి ఒక ఇంగ్లండు పౌండు (స్టెర్లింగ్) అనే లెక్క 1603లో స్థిరపడింది. పత్రాల్లోని 1582 బాకీలకి దాన్ని వాడితే స్టెర్లింగ్‌లో మొత్తం అసలుకన్నా తగ్గిపోతుంది. అక్కడే కనిపించే మెర్క్ అనే స్కాట్స్ లెక్క అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు.

పట్టికలో చివరిదాకా ఏడిపించిన గడి గౌరీ ఎర్ల్ అనే ప్రభు బిరుదు (తెలుగులో రాస్తే అమ్మవారి పేరైపోతుంది). దాడికి నాయకుడైన విలియమ్‌ని 1584 మేలో స్టర్లింగ్‌లో శిరచ్ఛేదం చేశారు, బిరుదు పోయింది. 1586లో కొడుకు జేమ్స్‌కి తిరిగిచ్చారు. 1600 ఆగస్టు 5న పెర్త్‌లో రాజు మనుషుల చేతిలో చచ్చిన గౌరీ అతని తమ్ముడు జాన్. మూడు వరసలు, మధ్యలో రెండేళ్ల ఖాళీ.