టెఫ్ కెనడా, డెల్ఫ్ రాసేవాళ్లకు: ఇంటి సామాను పదాలు ఎలా చదవాలి

టెఫ్ కెనడా, డెల్ఫ్ రెండూ ఫ్రెంచ్ భాషా పరీక్షలు. టెఫ్ కెనడా స్పీకింగ్‌లో మొదటి సెక్షన్ 5 నిమిషాలే. చేతికో ప్రకటన ఇస్తారు. దాన్ని చూసి ఫోన్ చేసినట్టుగా ఎగ్జామినర్‌ని పదింటికి అటూ ఇటూగా ప్రశ్నలు అడగాలి. ఇల్లు అద్దెకు, సామాను అమ్మకానికి లాంటివి అక్కడ మామూలు. డెల్ఫ్‌లో ప్రాథమిక స్థాయి అయిన ఏ2 ఓరల్‌లోనూ కొట్లో కొనుక్కునే రోల్‌ప్లే రావచ్చు. సబ్‌జాంక్టివ్ లాంటి కష్టమైన వ్యాకరణం దాకా వెళ్లినవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నమలడానికి కారణం ఒకటే: ఇంటి పదాల్ని "ఒక ఇంగ్లిష్ మాటకు ఒక ఫ్రెంచ్ మాట" అని జతలుగా బట్టీ పట్టడం.

ముందు మనకు తెలుసనిపించే పదాల సంగతి చూడండి, ప్రమాదం వాటితోనే. ప్రకటనలో "యూన్ కొమోద్" అని ఉంటే అది బాత్రూమ్ సామాను కాదు, బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల. దాన్ని చూసి అటాచ్డ్ బాత్రూమ్ ఉందనుకుని ప్రశ్న వేస్తే సంభాషణ పక్కదారి పట్టినట్టే. "కాస్రోల్" అంటే మనం చపాతీలు వేడిగా ఉంచుకునే క్యాసరోల్ కాదు. పాలు కాచుకోవడానికి పనికొచ్చే, ఒక పొడవు కాడ ఉన్న గిన్నె. "స్తోర్" కొట్టు కాదు, కిటికీకి పైకీ కిందికీ లాగే తెర.

వంటింట్లో పదం ఎంచుకోవాలంటే పాత్ర ఆకారమూ అది చేసే పనీ చూడాలి. వెడల్పుగా, లోతు తక్కువగా, వేయించడానికి ఉంటే యూన్ ప్వాల్. లోతుగా, రెండు చెవులతో, మూతతో ఉంటే ఫేతూ. ఇంకా పెద్దదైతే మార్మిత్. బరువైన ఇనుప పాత్రలో మూతపెట్టి సన్నసెగ మీద ఉడికించేది కొకొత్. దానికి "మినుత్" తగిలిస్తే మన ప్రెషర్ కుక్కర్ అవుతుంది. కొకొత్-మినుత్ నిజానికి సెబ్ కంపెనీ ట్రేడ్‌మార్కు, కానీ జనం అన్నిటినీ అలాగే అంటారు; పరీక్షలో ఒతోక్విజర్ అన్నా సరిపోతుంది. మన బాణలికి సరిగ్గా అతికే పదం కోసం వెతుక్కోకండి, ప్వాల్ అని "క్రోజ్", అంటే లోతైనది, చేర్చండి.

పొయ్యి దగ్గర ఇంకా జాగ్రత్త. పైన బర్నర్లు, కింద అవెన్ కలిసి ఒకే యంత్రంగా ఉంటే క్విజిన్యేర్ (వంట చేసే ఆవిడనీ ఇదే మాట అంటారు). బర్నర్లు మాత్రమే అయితే ప్లాక్ ద క్విసోఁ, అవెన్ ఒక్కటే అయితే ఫూర్. మన రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్‌కి దగ్గరది రెషో. నీళ్ల తొట్టికి గదిని బట్టి పేరు: వంటింట్లో ఎవ్యే, బాత్రూమ్‌లో లావాబో. ఈ రెండిటినీ తారుమారు చేసినంతగా మనవాళ్లు మరి దేన్నీ చేయరు, ఎందుకంటే మనకు రెండూ సింకులే.

"ఆ", "ద" తేడా మీద ఒక సాయంత్రం కూర్చున్నా తప్పులేదు. తాస్ ఆ కాఫే అంటే కాఫీ కప్పు, ఖాళీది. తాస్ ద కాఫే అంటే కప్పు నిండా కాఫీ. సామాను అమ్మే ప్రకటనలో ఆరు "వేర్ ఆ వేఁ" ఉంటే అవి వైన్ గ్లాసులు. మీరు "వేర్ ద వేఁ" గురించి అడిగితే వైన్ పోయమన్నట్టు. క్వియేర్ అంటే చెంచా: వంటకాల్లో క్వియేర్ ఆ సూప్ సుమారు 15 మిల్లీలీటర్ల కొలత, క్వియేర్ ఆ కాఫే 5.

ఆర్టికల్ లేకుండా పదం నేర్చుకోకండి. స్త్రీలింగానికి యూన్, లా; పుంలింగానికి ఏఁ, ల. యూన్ ప్వాల్ పెనం, ఏఁ ప్వాల్ గది వేడిచేసే పొయ్యి. ఉచ్చారణ ఒకటే కాబట్టి లిజనింగ్‌లో ఆర్టికల్ ఒక్కటే ఆధారం. లా మూల్ ఆలుచిప్ప, ల మూల్ కేకు అచ్చు. లా మాఁష్ చొక్కా చెయ్యి, ల మాఁష్ చీపురుకో కత్తికో ఉండే పిడి. అదే కప్పుకైతే ఆఁస్, తలుపుకైతే ప్వాన్యే.

సెర్వ్యెత్ అనే మాటను ఎప్పుడూ వెనకొచ్చే మాటతో కలిపి పూర్తిగా చెప్పండి. ద తాబ్ల్ అంటే భోజనం దగ్గర వాడేది, ద బేఁ అంటే స్నానం తువ్వాలు, ఇజ్యెనిక్ అంటే శానిటరీ ప్యాడ్. గిన్నెలు తుడిచేది తోర్షోఁ, నేల తుడిచేది సెర్పియేర్. బెల్జియంలో తోర్షోఁ అంటే నేల తుడిచే గుడ్డే, కానీ మన పరీక్షలకు అంత దూరం అక్కర్లేదు.

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం క్యూబెక్ వాడుక మాత్రం కెనడా వెళ్లేవాళ్లకు తప్పదు. వాషింగ్ మెషిన్ ఫ్రాన్స్‌లో లావ్-లేఁజ్, అక్కడ లావొజ్. వాక్యూమ్ క్లీనర్ ఫ్రాన్స్‌లో ఆస్పిరాతర్, క్యూబెక్‌లో బాలేయొజ్. ఈ రెండో మాట ఫ్రాన్స్‌లో వీధులూడ్చే బండి. షోద్యేర్ ఫ్రాన్స్‌లో బాయిలర్, క్యూబెక్ మాటల్లో బకెట్. ఏఁ ప్వాల్ అక్కడ వంట స్టవ్. ఇళ్ల లెక్కా వేరే: క్యూబెక్‌లో "నాలుగున్నర" అంటే హాలు, వంటిల్లు, రెండు పడగ్గదులు, అరగా బాత్రూమ్. ఫ్రాన్స్‌లో వంటిల్లు లెక్కలోకి రాదు, కాబట్టి ఆ ఇల్లే "తే-త్ర్వా", అంటే మూడు గదులది. మాట్లాడేటప్పుడు ఏదో ఒక వాడుకకే కట్టుబడండి, వినడానికి మాత్రం రెండూ తెలిసి ఉండాలి.

చదవడానికి ఇంటి సామాను అమ్మే ఐకియా కంపెనీ ఫ్రాన్స్ సైటూ, కెనడా ఫ్రెంచ్ సైటూ పక్కపక్కన తెరిచి ఒకే వస్తువు పేరు చూడండి. బొమ్మ, కొలత, పేరు ఒకే చోట దొరుకుతాయి, పైసా ఖర్చు లేదు. గదికో కాగితం పెట్టుకుని ప్రతి పదానికీ ఆర్టికల్, దాంతో చేసే పనికి ఒక క్రియ, పొరబడే పక్కపదం రాయండి. కాగితం మీద అసలు ఫ్రెంచ్ స్పెల్లింగే ఉండాలి. ప్వాల్‌లో మొదటి "ఈ" మీది టోపీ రైటింగ్‌లో మర్చిపోతారు. దుప్పటి, దిండు లాంటివి ఇలా ఒక్కసారి రాస్తే చాలు: ద్రా పరుపు మీద పరిచేది, క్వెత్ కప్పుకునే బొంత, ఒరెయే తల కింద దిండు, కూసేఁ సోఫా మీదది.

పరీక్ష గదిలో పదం గుర్తు రాకపోతే ఇంగ్లిష్ మాట వాడకండి. "లొబ్జే కి సేర్ ఆ..." (ఫలానా పనికి వాడే వస్తువు) అని మొదలుపెట్టి పని చెప్పండి: లొబ్జే కి సేర్ ఆ ఎగుతే లే పాత్, పాస్తా నీళ్లు వంచే వస్తువు. మొదటి సెక్షన్‌లో తెలియని వ్యక్తితో "వూ" (మీరు) అంటూ మాట్లాడుతున్నారు కాబట్టి వస్తువును "త్ర్యూక్" (అదేదో) అనకండి. అది స్నేహితుణ్ని ఒప్పించే రెండో సెక్షన్‌లో, "త్యు" (నువ్వు) అంటున్నప్పుడు చెల్లుతుంది.