ఆటోక్యాడ్ కన్నా ముందు ఇల్లు నేర్చుకోవాలి

పాలిసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "మావాడికి బొమ్మలు బాగా వచ్చు కదమ్మా, ఆర్కిటెక్చర్ డిప్లొమాలో వేస్తే బాగుంటుందా, లేకపోతే ఇంటర్ చదివించి ద్వారకానగర్‌లో ఎక్కడైనా ఆటోక్యాడ్ నేర్పిస్తే సరిపోతుందా?" ఆటోక్యాడ్ అంటే కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా ఒకచోట రాసి పెడితే నయం అనిపించింది. నేను ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేసి, ఇప్పుడు విశాఖ సీతమ్మధారలో ఒక ఆర్కిటెక్ట్ గారి దగ్గర డ్రాఫ్టింగ్, అంటే కట్టడాల డ్రాయింగులు గీసే పని, చేస్తున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం, కాబట్టి కొన్నిచోట్ల కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు కోర్సు సంగతి. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి చేరే మూడేళ్ళ డిప్లొమా ఇది, అందులోనే ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కూడా ఉంటుంది. సివిల్, మెకానికల్ లాగా ప్రతి పాలిటెక్నిక్‌లో ఈ బ్రాంచి ఉండదు, ఆప్షన్లు పెట్టేముందే ఎక్కడుందో చూసుకోవాలి. ఐటీఐ వైపు వెళ్ళేవాళ్ళకి డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అని రెండేళ్ళ ట్రేడ్ ఉంది, అదీ మంచిదే. అయితే ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే తెలియాల్సింది ఒకటుంది: డిప్లొమాతో ఆర్కిటెక్ట్ అయిపోరు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్ళే పేరు పక్కన ఆ మాట పెట్టుకోవాలి, దానికి ఐదేళ్ళ బీఆర్క్ చదవాలి. సివిల్ డిప్లొమా వాళ్ళు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరిపోతారు చూడండి, బీఆర్క్‌కి అలాంటి దారి లేదు. డిప్లొమాలో లెక్కలు చదివి, కావలసిన మార్కులుంటే బీఆర్క్ ప్రవేశపరీక్ష నాటా రాయొచ్చు, కానీ మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టాలి. ఇది తెలియక చేర్పించి, మూడేళ్ళ తర్వాత "అయ్యో, మళ్ళీ ఐదేళ్ళా" అని తల పట్టుకున్న తల్లిదండ్రుల్ని చూశాను.

సరే, ఇప్పుడు అసలు విషయం. బొమ్మలు బాగా వేయడానికీ డ్రాఫ్టింగ్‌కీ ఉన్న చుట్టరికం చాలా తక్కువ. డ్రాయింగ్ అంటే ఆఫీసులో కూర్చుని మనం రాసే ఉత్తరం లాంటిది, దాన్ని చదివేది సైట్లో ఎండలో నిలబడ్డ తాపీ మేస్త్రి, రాడ్ బెండింగ్ మేస్త్రి, కార్పెంటరు. వాళ్ళకి అనుమానం వస్తే అడగడానికి మనం పక్కన ఉండం, కాబట్టి అడగాల్సినవన్నీ ముందే మనం ఊహించి కాగితం మీద పెట్టేయాలి. ఒక కొలత రాయకపోతే మేస్త్రి పని ఆపి కూర్చోడు, తనకి తోచింది కట్టేస్తాడు. అది తప్పని నేను అనను, సిమెంటు కలిపేశాక ఎవరాగుతారు.

మొదటి సంవత్సరం మొత్తం చేతితోనే. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, సెట్‌స్క్వేర్లు, 2హెచ్ పెన్సిల్, హెచ్‌బీ పెన్సిల్. కంప్యూటర్లు ఉండగా ఈ రోజుల్లో ఇదెందుకని పిల్లలు విసుక్కుంటారు. విశాఖలో ఈ పనికి ఇంకో కష్టం కూడా ఉంది, మన ఉక్క. చేయి షీటు మీద ఆనిస్తే చాలు చెమటకి పెన్సిల్ గీతలన్నీ అలుక్కుపోయేవి, అందుకే చేతి కింద రుమాలు పెట్టుకుని గీసేవాళ్ళం. వర్షాకాలంలో అయితే షీటు తేమ పీల్చి అంచులు పైకి లేచేవి. గీత గీసేటప్పుడు పెన్సిల్‌ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ లాగాలి, అప్పుడే మొన ఒకవైపే అరగకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత ఒకే మందంగా వస్తుంది. మా సర్ షీటు మీద మార్కులు వేసేముందు దాన్ని గోడకి ఆనించి, దూరంగా వెళ్ళి నిలబడి చూసేవారు. డ్రాయింగులో కోసినట్టు చూపే గోడ దూరం నుంచి కూడా నల్లగా కనిపించాలి, వెనక కనిపించే కిటికీ అంచు దానికన్నా పలచగా ఉండాలి, టైల్స్ గీతలు మరీ లేతగా ఉండాలి. ఇప్పుడు ఆటోక్యాడ్‌లో గోడకి 0.5, కిటికీకి 0.25, హాచింగ్‌కి (టైల్స్ లాంటివి చూపే నింపుడు గీతలకి) 0.13 మి.మీ. అని లైన్ మందాలు పెడుతున్నప్పుడు, ఆ అంకెల వెనక ఏముందో నా వేళ్ళకి తెలుసు. చేత్తో గీయకుండా నేరుగా మౌస్ పట్టుకున్నవాళ్ళ షీట్లు కొన్ని ఆఫీసుకి వస్తుంటాయి, అన్ని గీతలూ ఒకే మందంలో ఉంటాయి, గోడ ఏదో సోఫా ఏదో కళ్ళు చికిలించి వెతుక్కోవాలి.

ఇక మెట్లు. డ్రాఫ్ట్స్‌మన్‌కి పని వచ్చో రాదో తేల్చేసేవి మెట్లే అని నా నమ్మకం. అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకోండి, అంటే దాదాపు 10 అడుగులు. ఒక్కో మెట్టు ఎత్తు 150 మి.మీ. పెడితే మొత్తం 20 రైజర్లు. మధ్యలో ల్యాండింగ్ పెట్టి రెండు వరసలు చేస్తే వరసకి 10. కానీ కాలు పెట్టే ట్రెడ్లు వరసకి 9 మాత్రమే గీయాలి, పదో అడుగు ల్యాండింగ్ మీదే పడుతుంది కాబట్టి. ట్రెడ్ 250 అనుకుంటే 9 ట్రెడ్లకి 2250, దానికి ల్యాండింగ్ కలుపుకుంటే మెట్ల గది పొడవు తేలుతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్ళకి ట్రెడ్ 250కి తగ్గకూడదని, రైజర్ 190 దాటకూడదని చెప్తుంది. ఇంతవరకూ పుస్తకంలోనే ఉంటుంది.

పుస్తకంలో సరిగ్గా కనిపించనిది తర్వాత వస్తుంది. శ్లాబు పోశాక హాల్లో బెడ్ వేసి మార్బుల్ పరుస్తారు, అది 60 మి.మీ. లేచిందనుకోండి. మెట్ల మీద గ్రానైట్ వేస్తారు, అది 40 లేచింది. రెంటికీ తేడా 20. అప్పుడు కింద మొదటి మెట్టు ఎత్తు 150 కాస్తా 130 అవుతుంది, పైన చివరి మెట్టు 170 అవుతుంది. మధ్యలో ఉన్నవన్నీ బాగానే ఉంటాయి, ఆ చివరి మెట్టు దగ్గర మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ కాలూ తగులుతుంది. కాలికి లెక్క తెలుసు, కంటికి తెలియదు. అందుకే మెట్ల సెక్షన్‌లో, అంటే మెట్లని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో, శ్లాబు లెవెల్ వేరుగా, ఫ్లోరింగ్ అయ్యాక వచ్చే లెవెల్ వేరుగా రాయాలి. మా సైట్లో పెద్ద మేస్త్రి ఒకాయన డ్రాయింగ్ చేతికివ్వగానే ప్లాన్ పక్కన పెట్టేసి ముందు ఆ సెక్షన్ చూస్తాడు. రెండు లెవెళ్ళూ కనిపిస్తే "సరేనమ్మా" అంటాడు. కనిపించకపోతే "ఏటమ్మా, ఇది రాయి ఏసినాక ఎత్తా, ఎయ్యక ముందు ఎత్తా?" అని అడుగుతాడు. మూడేళ్ళ చదువుకి నాకు తెలిసిన అసలైన పరీక్ష ఆయన అడిగే ఆ ప్రశ్నే.

మన ఊరు కూడా ఈ చదువుకి మంచి బడి. చదునైన ఊళ్ళలో ప్లాన్ ఒక్కటి గీసేస్తే సగం ఇల్లు అర్థమైపోతుంది, ఇక్కడలా కుదరదు. ఆరిలోవ, విశాలాక్షి నగర్ వైపు కొండవాలులో ఉన్న సైటుకి ముందు రోడ్డు ఒక ఎత్తులో ఉంటే వెనక గోడ ఇంకో ఎత్తులో ఉంటుంది, ఒకవైపు నుంచి చూస్తే గ్రౌండ్ ఫ్లోర్, ఇంకోవైపు నుంచి చూస్తే సెల్లార్. లెవెల్ మిషన్ పెట్టి సైటు ఎత్తులన్నీ తీసి, వాటి మీదనే సెక్షన్ కోయకపోతే మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ ఎంత ఎత్తు రావాలో, వాననీళ్ళు ఎటు పోవాలో ఏమీ తెలియదు. తూర్పు పల్లం ఉండాలని వాస్తు అడిగే ఓనర్లకి మన తీరంలో చాలాచోట్ల నేల దానంతటదే సముద్రం వైపు వాలి ఉంటుంది, అది కలిసొచ్చే విషయం, కానీ ఆ వాలు ఎంతో అంకెల్లో రాయాల్సింది మనమే.

ఉప్పుగాలి సంగతి సరేసరి. బీచ్‌రోడ్డు పక్క పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద చూడండి, కాంక్రీటు పెచ్చులూడి తుప్పుపట్టిన రాడ్లు బయటికి కనిపిస్తాయి. కాంక్రీటు పనుల ఐఎస్ 456 కోడ్ వానా గాలీ నేరుగా తగలని చోట రాడ్ మీద 20 మి.మీ. కవర్, అంటే రాడ్‌ని కప్పే కాంక్రీటు మందం, చాలంటుంది, సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటుకి మాత్రం 45 అడుగుతుంది. ఆ అంకె నిర్ణయించేది స్ట్రక్చరల్ ఇంజనీరే అయినా, షీటు మీద నోట్‌లో ఎక్కించేది, వేరే ఊరి ప్రాజెక్టు నుంచి కాపీ చేసిన పాత నోట్ తీసేసేది డ్రాఫ్ట్స్‌మనే. గాలి కూడా అంతే. కట్టడాల మీద పడే బరువులూ గాలి గురించి చెప్పే ఐఎస్ 875 కోడ్ ప్రకారం విశాఖకి లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి ఆ అంకె గురించి ఎవరూ వివరించక్కర్లేదు. రేకుల షెడ్డు డీటెయిల్ గీసేటప్పుడు రేకుని దేనికి, ఎన్ని బోల్టులతో, ఎంత దూరంలో బిగించాలో రాయకుండా "రేకుల కప్పు" అని బాణం గుర్తు పెట్టి వదిలేసే డ్రాయింగ్ చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది.

కాలేజీలో నాకు బాగా నచ్చింది మెజర్డ్ డ్రాయింగ్. పాత కట్టడం ఒకటి తీసుకుని టేపుతో కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీయడం. మేం వన్‌టౌన్‌లో ఒక పాత ఇల్లు కొలిచాం, పైన మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు అది, వరండా మీద బెంగుళూరు పెంకులు. పొడవు వెడల్పులు తీసుకుంటే సరిపోదు, గది మూల నుంచి ఎదుటి మూలకి రెండువైపులా కొలవాలి, ఆ రెండు కొలతలూ ఒకటి కాకపోతే గది మూలమట్టంగా లేదని అర్థం. పాత ఇళ్ళలో ఏ గదీ మూలమట్టంగా ఉండదు! మేం కొలిచిన వాటిలో ఒక గోడ ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వచ్చింది, అలాగే గీశాం, సరిచేసి గీయొద్దని మా సర్ ముందే చెప్పారు.

ఆటోక్యాడ్ అక్కర్లేదని నేననడం లేదు, రోజంతా నేను ఉండేది దాని ముందే. 1982లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది, ఇప్పటికీ మన ఆఫీసుల్లో దాన్నే ఎక్కువగా వాడతారు, పెద్ద ప్రాజెక్టులకి కట్టడాన్ని 3డీలో తయారుచేసే రివిట్ అనే సాఫ్ట్‌వేర్ అడుగుతున్నారు, రెండూ నేర్చుకోండి. పైగా ఇప్పుడు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతులకి ప్లాన్లు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. సైటు హద్దు ఒక లేయర్‌లో (ఒకదానిమీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి లేయర్లు), కట్టడం ఒక లేయర్‌లో, రోడ్డు ఇంకో లేయర్‌లో వాళ్ళు చెప్పిన పద్ధతిలో పెట్టాలి, చుట్టూ గీసిన గీత, అదే పాలీలైన్, చివర కలవకపోయినా సాఫ్ట్‌వేర్ వైశాల్యం లెక్కకట్టదు. ఓనరు 200 గజాలంటాడు, షీటు మీద 167 చదరపు మీటర్లని రాయాలి, మేస్త్రికి మళ్ళీ అడుగుల్లో చెప్పాలి. కమాండ్లు కొన్ని వారాల్లో ఎవరికైనా వస్తాయి. ఏ గీత ఎందుకు అక్కడుందో తెలియడానికే మూడేళ్ళు పడుతుంది, షార్ట్‌టర్మ్ కోర్సులో అది దొరకదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. చిన్న ఆఫీసుల్లో మొదట జీతం తక్కువే, మొదటి రెండేళ్ళు ఇంట్లో ఆసరా ఉంటేనే తేలిక. తర్వాత మీ చేతి పని చూసి పెరుగుతుంది. టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ లాంటి ప్రభుత్వ పోస్టులకి ఈ డిప్లొమాతో పోటీ పడొచ్చు, నోటిఫికేషన్‌లో అర్హత ఒకసారి చూసుకోండి. విశాఖలో డ్రాఫ్టింగ్ అంటే ఇళ్ళు ఒక్కటే కాదు కూడా, 1948లో జల ఉష ఓడని నీళ్ళలోకి దింపిన షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది, స్టీల్‌ప్లాంటు ఉంది, రైల్వే ఉంది, వీటన్నిటికీ డ్రాయింగ్ చదవగలిగిన మనుషులు కావాలి. ఆడపిల్లని సైటుకి పంపాలా అని భయపడేవాళ్ళకి ఒక్క మాట, సైట్లో నన్ను "అమ్మా" అనే పిలుస్తారు, లెవెల్ అడిగితే నిచ్చెన పట్టుకుని చూపిస్తారు.

మీవాడికో మీ అమ్మాయికో ఇది నప్పుతుందో లేదో తెలియాలంటే అప్లికేషన్ పెట్టకముందే ఒక పని చేయించండి. ఒక టేపు కొనిచ్చి మీరుంటున్న ఇల్లే కొలిచి గళ్ళ కాగితం మీద గీయమనండి. అన్ని గదుల లోపలి కొలతలు, గోడల మందాలు కూడి బయటి కొలతతో సరిచూడమనండి. మొదటిసారి సరిపోదు, ఎందుకంటే తొమ్మిదంగుళాల గోడ అంటాం గానీ రెండువైపులా పూత కలిస్తే అది పదంగుళాలకి దగ్గరగా వస్తుంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో కనుక్కోవడానికి మళ్ళీ టేపు పట్టుకుని లేచారంటే ఆ బ్రాంచి మొదటి ఆప్షన్‌గా పెట్టేయండి. "ఏదో నాలుగంగుళాలే కదా" అని కాగితం పక్కన పెట్టేస్తే ఇంటర్‌లో చేర్పించండి, వాళ్ళకి వచ్చే ఇంకో పని ఏదో ఉండే ఉంటుంది.