బాపు చేతికి అందిన కడ్డీ

హన్మకొండలోని మా పాత ఇంటి స్నానాలగదిలో నేను మొదట బిగించిన పిడి, రబ్బరు కప్పులతో టైల్స్‌కు అతుక్కునే రకం. మోకాళ్ల నొప్పులతో లేవలేకపోతున్న బాపు కోసం ఎంతో ఇష్టంగా తెచ్చాను. మూడో వారంలో ఒక పొద్దున ఆయన స్టూలు మీద నుంచి లేవబోతుండగా అది చేతిలోకి ఊడివచ్చింది. అదృష్టవశాత్తు పక్కనే గోడ ఉండడంతో కింద పడలేదు. కప్పును తిప్పి చూస్తే, అంచు చుట్టూ బోరునీటి ఉప్పు తెల్లని పొరగా పేరుకుని ఉంది. అలాంటి పిడి తూలినప్పుడు చెయ్యి ఆనించడానికి పనికొస్తుందేమో గాని, ఒంటి బరువంతా వేసి లేవడానికి పనికిరాదు. తువ్వాలు వేసే రాడ్డు కూడా అంతే. పెద్దవాళ్లు అలవాటుగా దాన్నే పట్టుకుంటారు కనుక మేము దాన్ని తీసివేశాము.

స్టీలు కడ్డీ కొన్నాక తెలిసిందేమిటంటే, దాని బలమంతా గోడలోనే ఉంటుంది. మేస్త్రీ టైల్స్‌ను ఒక్కొక్కటిగా నాణెంతో తట్టి, బోలుగా మోగినవాటిని వదిలివేశాడు. గట్టిదనుకున్న చోట డ్రిల్లు పెట్టగానే ఎర్రటి పొడి ధారగా రాలింది. "ఈడ పట్టు లేదన్నా, బోల్టు అవతలికి తీద్దాం" అని, గోడకు వెనుక వైపున ఇనుప పట్టీ పెట్టి, బోల్టులను ఇటు నుంచి అటు దింపి బిగించాడు. కడ్డీ ఎత్తును పుస్తకం చూసి కాక, బాపును కమోడు మీద కూర్చోబెట్టి, ఆయన చెయ్యి సహజంగా చేరిన చోట పెన్సిలుతో గీత గీసి నిర్ణయించాము. గోడకూ కడ్డీకీ మధ్య సుమారు 5 సెంటీమీటర్ల సందు ఉంచాము. పిడికిలి పడుతుంది, మోచెయ్యి దూరి ఇరుక్కోదు. ఆయన వాడకముందు నా పూర్తి బరువు వేసి లాగి చూశాను.

స్టూలు స్థానంలో చేతులున్న స్నానపు కుర్చీ వచ్చింది. దాని కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగితే లోపలి లోహం తడి టైల్స్ మీద జారుతుంది కాబట్టి, నెలకొకసారి కుర్చీని తిరగేసి చూస్తున్నాను. బాపు వంగకుండా ఉండేందుకు బకెట్టును ఎత్తైన దిమ్మె మీద పెడుతున్నాము. కమోడు మీద ఎత్తు సీటు అమర్చినప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి; ఎత్తు ఎక్కువైతే మనిషి ముందుకు జారుతాడు.

అన్నిటికంటే కష్టమైనది అలవాటు మార్చడం. వాకరును లాగుతూ లేస్తే అది మీదికి ఒరుగుతుంది కనుక, ముందు కుర్చీ చేతుల మీద బలం మోపి లేచి, నిలదొక్కుకున్నాకే వాకరు పట్టుకోమని రోజూ చెప్పవలసి వచ్చింది. తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాము, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతాడు. గడియ వేసుకోవద్దంటే మాత్రం బాపు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాక ఒప్పుకున్నారు.