కళింగ ఘాటీకి అవతల

బరంపురంలో దిగిన మరునాడు తెల్లవారుజామున, తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఒక మిత్రుణ్ని వెంటబెట్టుకుని భంజానగర్ మీదుగా ఒడిశాలోని కంధమాల్ జిల్లాకు బయలుదేరాను. కళింగ ఘాటీ మలుపులు దాటాక చలి ఒక్కసారిగా పెరిగింది. దారింగ్‌బాడి పైన్ చెట్లను చూడడానికి మన ఉత్తరాంధ్ర వాళ్లు చలికాలంలో ఈ జిల్లాకు వస్తూనే ఉంటారు. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే వచ్చి, ఇక్కడ ఏం జరిగిందో ఎవరినీ అడగకుండానే వెళ్లిపోయాను. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2008 ఆగస్టు 23న, కృష్ణాష్టమి రాత్రి, జలేసపటా ఆశ్రమంలో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతిని, మరో నలుగురిని సాయుధులు కాల్చి చంపారు. ఆ హత్యలు తామే చేశామని మావోయిస్టులు ప్రకటించినా, నింద మాత్రం క్రైస్తవుల మీద పడింది. స్వామి భౌతికకాయాన్ని జిల్లా మీదుగా ఊరేగింపుగా తీసుకువెళ్లారు. ఆ తర్వాత వారాల తరబడి ఊళ్లు తగలబడ్డాయి. చనిపోయినవారు 39 మంది అని ప్రభుత్వ లెక్క, దాదాపు వంద మంది అని చర్చి సంఘాల మాట. వేలాది ఇళ్లు కాలిపోగా, 50 వేల మందికి పైగా అడవుల్లోకి, తర్వాత సహాయ శిబిరాల్లోకి చేరారు. మతం ఒక్కటే దీనికి మూలం కాదు. పాణ దళితులు క్రైస్తవం తీసుకుంటే 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. కంధ గిరిజనుల భాష అయిన కుయి మాట్లాడే తమకు ఎస్టీ హోదా ఇవ్వాలని వారు అడగడంతో, భూమి విషయంలో అప్పటికే ఉన్న అనుమానాలు కంధ గిరిజనుల్లో మరింత పెరిగాయి. అయితే ఏ తగాదా అయినా పొరుగువాడి ఇంటికి నిప్పుపెట్టడానికి కారణం కాగలదని నేను ఒప్పుకోలేను.

జి. ఉదయగిరి దగ్గర నందగిరి అనే పునరావాస కాలనీ ఉంది. బేటికోలా అనే ఊరికి తిరిగి వెళ్లలేకపోయినవారి కోసం కట్టినది అది. హిందువులుగా మారితేనే ఊళ్లో అడుగుపెట్టనిస్తామన్న షరతు అప్పట్లో చాలా గ్రామాల్లో వినిపించింది. వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తున్న ఒక పెద్దావిడ మాకు పీట వేసి కూర్చోబెట్టింది. తమ పొలం అక్కడే ఉందనీ, పసుపు తవ్వే రోజుల్లో ఇప్పుడు ఇక్కడ కూలికి పోతున్నాననీ చెప్పింది. మా మిత్రుడు ఆ మాటలను తెలుగులోకి మారుస్తూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు.

2016లో సుప్రీంకోర్టు పరిహారం పెంచింది. పూర్తిగా ధ్వంసమైన ఇంటికి అదనంగా 70 వేల రూపాయలు ఇవ్వమంది. నమోదైన 827 కేసుల్లో 315 కేసులను, నేరం రుజువు కాలేదనో దోషులు దొరకలేదనో మూసివేసిన సంగతిని ఎత్తిచూపి, వాటిని మళ్లీ పరిశీలించాలని కూడా చెప్పింది. ఆ డబ్బు గురించి అడిగితే ఆవిడ తల ఊపి ఊరుకుంది.

బయలుదేరేముందు, మన పల్లెల్లో ఎవరినైనా అడిగినట్టే, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగించాను. "బేటికోలా" అంది వెంటనే. గడపలో నిలబడి వింటున్న మనవడు, ఆవిడ తప్పు చెప్పిందనుకున్నాడేమో, నందగిరి అని మెల్లగా సరిదిద్దాడు.