వాద్యం మారితే చెయ్యి కూడా మారాలి

"ఏదో ఒక వాద్యం పట్టుకుని కూర్చోవచ్చుగా?" అని అడిగేవాళ్లకు కొదవ లేదు. కూర్చోబుద్ధి కాలేదు, అంతే.

వయొలిన్ తర్వాత మాండొలిన్ పట్టుకుంటే ఎడమచేతికి కొత్తేమీ అనిపించలేదు. రెండింటి తీగల శ్రుతీ ఒకటే: పాశ్చాత్య స్వరాల్లో జి, డి, ఎ, ఇ. తిప్పలన్నీ కుడిచేతికే. కమానుతో స్వరాన్ని సాగదీసినంత సాగుతుంది. మీటితే పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. అందుకే అదే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెట్టాలి. మణికట్టు బిగిసిందా, గులకరాళ్ల డబ్బా ఊపినట్టే. కీబోర్డు సులువుగానే వచ్చింది గానీ గమకం అడిగితే మొహం చాటేసింది. స్వరాన్ని పైకీ కిందకీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉందిలెండి, నాకు తృప్తినివ్వలేదు.

జాజ్ వాయించేవాళ్ల మధ్య కూర్చున్నాక తాళం మీద నమ్మకం సడలింది. కాగితం మీద సమానంగా కనిపించే రెండు స్వరాల్లో మొదటిది కాస్త సాగాలట!

ఇదంతా బాణీలు కట్టేటప్పుడు అక్కరకొస్తోంది. ఫ్లూట్‌కి రాస్తే ముందు నేనే పాడుకుంటాను, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసిపోతుంది. బి ఫ్లాట్ ట్రంపెట్‌కి కాగితం మీద సి స్వరం రాస్తే వినిపించేది దానికన్నా కిందుండే బి ఫ్లాట్ అని చెయ్యే గుర్తుచేస్తుంది.

ఇప్పుడు వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెలో మీద కన్ను పడింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.